ఎంబీబీఎస్ సీటుకు ఇంటర్వ్యూ ఉండదు: విశాఖ తల్లిదండ్రులకు వస్తున్న మెసేజ్‌కు మా జవాబు

నీట్ (వైద్య విద్య ప్రవేశ పరీక్ష) ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. దాని సారాంశం ఇది: "నీట్ క్వాలిఫై అయితే చాలు. మేనేజ్‌మెంట్ సీట్లకు కాలేజీలే ఇంటర్వ్యూకు పిలుస్తాయి. ఇంటర్ మార్కులు, సేవా కార్యక్రమాల సర్టిఫికెట్లు, ఆస్పత్రిలో డాక్టర్ వెంట తిరిగిన అనుభవం చూసి షార్ట్‌లిస్ట్ చేస్తాయి. ముందే డబ్బు కట్టి స్లాట్ తీసుకోండి. వెబ్ ఆప్షన్లు లాటరీ లాంటివి, వాటిని నమ్ముకోవద్దు."

ఇందులో ఒక్క మాట కూడా నిజం కాదు. దీన్ని నమ్మినవాళ్లకు డబ్బు పోతే అది ఒక నష్టం. ఆ భరోసాతో అసలు కౌన్సెలింగ్ (సీట్ల కేటాయింపు) గడువు దాటబెట్టుకుంటే మాత్రం పిల్లల ఏడాదే పోతుంది. అందుకే ఒక్కో మాటా విడిగా తీసుకుని జవాబిస్తున్నాం.

"క్వాలిఫై అయితే చాలు"

క్వాలిఫై కావడమంటే కౌన్సెలింగ్‌లో నిలబడే అర్హత రావడం, అంతవరకే. జనరల్ అభ్యర్థులకు 50వ పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40వ పర్సంటైల్ రావాలి. పర్సంటైల్‌ను శాతమని పొరబడేవాళ్లు చాలామంది ఉన్నారు. 50వ పర్సంటైల్ అంటే సగం మార్కులు కాదు, రాసినవాళ్లలో సగం మంది మీకన్నా వెనక ఉన్నారని. 2025లో జనరల్ కటాఫ్ 720కి 144, అంటే మార్కుల్లో అయిదో వంతు. ఆ ఏడాది 22 లక్షల మందికి పైగా రాస్తే 12 లక్షల మందికి పైగా అర్హత సాధించారు. దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకే. 150 మార్కులొచ్చిన పిల్లాడికి "క్వాలిఫై అయ్యావు, సీటు ఖాయం" అని ఎవరైనా చెబితే ఈ అంకెలు చూపించండి.

"కాలేజీలే ఇంటర్వ్యూకు పిలుస్తాయి"

జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 14వ సెక్షన్ నీట్‌ను, ఉమ్మడి కౌన్సెలింగ్‌ను తప్పనిసరి చేసింది. మైనారిటీ సంస్థలకూ నీట్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. ఇద్దరికి సమానంగా మార్కులొచ్చినా ఎవరినీ ఇంటర్వ్యూకు పిలవరు. ముందు బయాలజీ మార్కులు, తర్వాత కెమిస్ట్రీ, ఆపైన ఫిజిక్స్ చూసి ర్యాంకు తేలుస్తారు.

మరి ఏ కాలేజీ సీటును ఎవరు భర్తీ చేస్తారు? మన ఊళ్లో ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) పక్కనున్న ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. అక్కడ 250 ఎంబీబీఎస్ సీట్లున్నాయి. వాటిలో 15 శాతం అఖిల భారత కోటా, దాన్ని ఢిల్లీలోని ఎంసీసీ (కేంద్రం నడిపే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) భర్తీ చేస్తుంది. మిగతా 85 శాతం విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చేతిలో ఉంటుంది.

మారికవలసలోని గాయత్రీ విద్యా పరిషత్ మెడికల్ కాలేజీ, సంగివలసలోని ఎన్‌ఆర్‌ఐ కాలేజీ ప్రైవేటువి. మన రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీల్లో సాధారణంగా 50 శాతం ఎ కేటగిరీ (కన్వీనర్ కోటా), 35 శాతం బి కేటగిరీ, 15 శాతం సి కేటగిరీ (ప్రవాస భారతీయుల కోసం ఎన్‌ఆర్‌ఐ కోటా). బి, సి కేటగిరీలనే జనం మేనేజ్‌మెంట్ సీట్లంటారు. పేరు మేనేజ్‌మెంట్‌దే అయినా, నీట్ ర్యాంకుతో మెరిట్ జాబితా వేసి, వెబ్ ఆప్షన్లు (అభ్యర్థి ఆన్‌లైన్‌లో ఇష్టమైన వరసలో పెట్టే కాలేజీల జాబితా) తీసుకుని సీట్లిచ్చేది ఆరోగ్య విశ్వవిద్యాలయమే. ఎన్‌ఆర్‌ఐ కోటాలోనూ బంధుత్వం, స్పాన్సర్ కాగితాలు సరిచూశాక వరస నీట్ ర్యాంకుదే.

గీతం సంగతి వేరు. అది డీమ్డ్ యూనివర్సిటీ (కేంద్రం విశ్వవిద్యాలయ హోదా ఇచ్చిన సంస్థ) కాబట్టి అక్కడి సీట్లన్నీ ఎంసీసీ కిందికి వస్తాయి. రుషికొండలో ఉంది కదా అని విజయవాడ ఆప్షన్ల జాబితాలో వెతికితే కనిపించదు. డీమ్డ్ కౌన్సెలింగ్‌కు ఎంసీసీలో రూ. 5 వేలు తిరిగిరాని రుసుము, రూ. 2 లక్షలు సెక్యూరిటీ డిపాజిట్. అఖిల భారత కోటాకు జనరల్ అభ్యర్థులైతే రూ. 1,000 రుసుము, రూ. 10 వేలు డిపాజిట్.

ఏటా దెబ్బతీసే పొరపాటు ఇంకొకటి ఉంది. ఆరోగ్య విశ్వవిద్యాలయం కన్వీనర్ కోటాకు ఒక నోటిఫికేషన్, మేనేజ్‌మెంట్ కోటాకు మరో నోటిఫికేషన్ ఇస్తుంది. దరఖాస్తులూ రుసుములూ వేర్వేరు. ఒక్కదానికే దరఖాస్తు పెట్టి రెండింట్లోనూ పేరుంటుందని ఊరుకుంటే, ర్యాంకుకు బి కేటగిరీ సీటు వచ్చే అవకాశమున్నా జాబితాలో పేరే ఉండదు.

"సర్టిఫికెట్లు చూసి షార్ట్‌లిస్ట్ చేస్తారు"

ఇది బ్రిటన్ పద్ధతి. అక్కడ మార్కులకు తోడు యూక్యాట్ పరీక్ష స్కోరు చూసి ఇంటర్వ్యూకు పిలుస్తారు. చాలా కాలేజీల్లో అభ్యర్థి ఒక్కో బల్ల దగ్గర కొన్ని నిమిషాల చొప్పున వేర్వేరు పరీక్షకులకు జవాబు చెప్పాలి. సేవా అనుభవం, ఆస్పత్రి అనుభవం అక్కడ పనికొస్తాయి. మెసేజ్ రాసినవాళ్లు ఆ పద్ధతిని తెచ్చి మన సీట్లకు అంటగట్టారని దానిలోని మాటలే చెబుతున్నాయి. ఇక్కడ ఇంటర్ మార్కులు అర్హతకు మాత్రమే. అర్హత గీత దాటాక 60 శాతమైనా 98 శాతమైనా ఒకటే. ఎన్‌సీసీ, క్రీడలు, దివ్యాంగులు, సైనికోద్యోగుల పిల్లలు వంటి ప్రత్యేక కేటగిరీలు వేరు. వాటికి నోటిఫికేషన్‌లో చెప్పిన సర్టిఫికెట్లే చెల్లుతాయి.

నిజంగా ముఖ్యమైన కాగితాలు వేరే ఉన్నాయి. స్థానికత తేల్చడానికి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. బడి మారినవాళ్లు ప్రతి బడి నుంచీ తెచ్చుకోవాలి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల) సర్టిఫికెట్ పాతదైతే చెల్లదు. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన ఎంసీసీలో ఓబీసీ కారు. కులం కేంద్ర జాబితాలో ఉండాలి, నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందరనే) సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో ఉండాలి.

"డబ్బు కట్టి స్లాట్ తీసుకోండి"

లేని ఇంటర్వ్యూకు స్లాట్ ఎక్కడిది? కౌన్సెలింగ్ రుసుములు ఎంసీసీ, ఆరోగ్య విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలోనే కట్టాలి. ఎవరి సొంత ఖాతాకూ, ఏ ఫోన్ నంబరుకూ పంపకండి. నిర్ణయించిన ఫీజు మీద డొనేషన్ అడగడాన్ని మన రాష్ట్రంలో 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం నేరంగా చూస్తుంది.

"వెబ్ ఆప్షన్లు లాటరీ"

సాఫ్ట్‌వేర్ మొదటి ర్యాంకరును తీసుకుని, అతని ఆప్షన్లు పైనుంచి కిందికి చూస్తుంది. కేటగిరీ ప్రకారం ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చి, తర్వాతి ర్యాంకుకు వెళ్తుంది. అందువల్ల మీకన్నా కింది ర్యాంకువాళ్లు ఆంధ్ర మెడికల్ కాలేజీని మొదట పెట్టుకుని, మీరు అయిదో స్థానంలో పెట్టుకున్నా, పై నాలుగూ మీకు దొరక్కపోతే ఆ సీటు ముందు మీకే వస్తుంది. ఆశ లేదనిపించిన కాలేజీని పైన పెట్టినందువల్ల కిందున్న సీటు పోదు. సీటు పోయేది జాబితా పొట్టిగా ఉన్నప్పుడు. విశాఖ కాలేజీలు మాత్రమే పెట్టి, 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ కాలేజీనీ, 2024లో మొదలైన పాడేరు కాలేజీనీ వదిలేస్తే, మీకు రావలసిన సీటు మీ వెనక ర్యాంకువాళ్లకు వెళ్తుంది. నిజంగా ఇష్టమైన వరసలో పెట్టండి, సేవ్ అయ్యిందో లేదో చూసుకుని ప్రింట్ తీసుకోండి.

ఎంసీసీలో మొదటి రౌండ్ సీటును నష్టం లేకుండా వదులుకోవచ్చు. రెండో రౌండ్‌లో వచ్చిన సీట్లో చేరకపోతే డిపాజిట్ పోతుంది. మూడో రౌండ్‌లో చేరితే ఇక వదిలి వెళ్లలేరు.

ఇంటర్వ్యూ మాటకొస్తే, అది నిజంగా ఉన్న కాలేజీ పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల. అక్కడా మొదటి వడపోత నీట్ మార్కులదే. పిలుపు వచ్చినవాళ్లకు ఇంగ్లిష్, తార్కిక శక్తి మీద 80 మార్కుల కంప్యూటర్ పరీక్ష, మానసిక పరీక్ష, 50 మార్కుల ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష ఉంటాయి. దానికీ విడిగా స్లాట్ అమ్మేవాళ్లు ఎవరూ ఉండరు. ఎంసీసీలో రిజిస్టరై, ఆప్షన్లలో ఆ కాలేజీని గడువులోగా ఎంచుకున్నవాళ్ల నుంచే జాబితా తయారవుతుంది.