పాలు పొయ్యొద్దని చెప్పాల్సింది ఎవరు?

గుంటూరు దగ్గర లాం దాటాక ఒక పల్లెలో మా మేనత్త గేదెకు పోయిన ఏడాది పొదుగువాపు వచ్చింది. ఒక చన్ను గట్టిపడి, పిండితే విరిగిన పాలలాంటి ముక్కలు పడ్డాయి. ఊళ్లో మందులు వేసే ఆయన బైకు మీద వచ్చి మెడకు సూది వేసి, చన్నులోకి ట్యూబు ఎక్కించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. చీటీ రాయలేదు. సాయంత్రం అత్త మిగతా మూడు చన్నులూ పిండి, ఎప్పటిలాగే పాలకేంద్రానికి పంపింది. "ఆ చన్ను పాలు కలపలేదులే అబ్బాయ్" అంది నాతో. తన వంతు జాగ్రత్త తాను పడ్డానని ఆమె నమ్మకం. సూదిమందు రక్తంలో కలిసి నాలుగు చన్నుల్లోకీ దిగుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సిన మాట చట్టంలో ఉంది. పశువుల మందు వాడాక పాలు, గుడ్లు, మాంసం ఎన్నాళ్లు వాడకూడదో లేబుల్ మీద రాయాలని 2012లో ఔషధ నిబంధనల్లో చేర్చారు. మందుకు ప్రత్యేకంగా గడువు తేల్చకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు. పెంటకుప్ప దగ్గర పడున్న ట్యూబు డబ్బా తీసి చూశాను. అన్నీ ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత అక్షరాలు. పాక దగ్గర ఎవరు చదవాలి ఇది?

డాక్టరే చెప్పాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం సెక్షన్ 30 ప్రకారం, రిజిస్టర్ అయిన డాక్టరే పశువైద్యం చేయాలి. డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్న సహాయకులకు ప్రభుత్వం అనుమతిస్తే డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేయొచ్చు. బైకు ఆయన ఈ రెండింట్లోనూ లేడు. అలాగని ఆయన్ని తిట్టి ఊరుకోలేం. అర్ధరాత్రి గేదె ఈనలేక అవస్థ పడుతుంటే పిలిస్తే పలికేది ఆయనే. 2022లో, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనాలు మొదలయ్యాక కొంత నయం, కానీ పక్కింటి మనిషంత దగ్గర కాదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. రోజుకు 8 లీటర్లు, లీటరు 60 రూపాయలు అనుకుందాం. 7 రోజులు పాలు పారబోస్తే 3,360 రూపాయలు. ఆ మాట చెప్పిన డాక్టర్ని రైతు మళ్లీ పిలుస్తాడా? బాధ్యత డాక్టరు మీద, నష్టం రైతు మీద పెట్టి, పాలు కొనేవాళ్లు హాయిగా పక్కన కూర్చున్న ఏర్పాటు ఇది. డాక్టరు చీటీ చూపిస్తే ఆపిన పాలకు డెయిరీ కనీసం సగం ధర కట్టాలని నా వాదన. పాలకేంద్రంలో వెన్న శాతానికి ధర కట్టే లెక్క ఉన్నప్పుడు దీనికీ ఒక లెక్క పెట్టుకోవచ్చు.

ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతా పరీక్షించిన 6,432 పాల నమూనాల్లో 77లో యాంటీబయాటిక్స్, అంటే పొదుగువాపు లాంటి వాటికి వేసే సూక్ష్మజీవుల్ని చంపే మందులు, పరిమితి మించాయి. చూడ్డానికి తక్కువే. కానీ వేర్వేరు ఊళ్ల పాలు ఒకే ట్యాంకర్‌లో కలుస్తాయి. విజయవాడలో ఎవరింట్లోనైనా పెరుగు సరిగా తోడుకోకపోతే కారణాలు చాలా ఉండొచ్చు. ఇదీ ఒకటి కావచ్చు, ఎందుకంటే ఈ మందులు తోడులోని సూక్ష్మజీవుల్నీ ఆపేస్తాయి.

డాక్టరుకు ఫీజు ఇచ్చేది పశువు యజమాని. కానీ పాకలో లేనివాళ్ల పట్లా అతనికి బాధ్యత ఉంది. పాలు తాగే పిల్లలే కాదు, రాబందులు కూడా అందులో ఉన్నాయి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేసిన పశువు చచ్చిపోతే దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యేవి. అందుకే 2006లో పశువులకు ఆ మందు ఆపేశారు. మనుషుల పేరుతో కొన్న పెద్ద సీసాలు పాకలకు చేరుతుండటంతో 2015లో ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్లకు కుదించారు. అలాంటి మందులే అయిన ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్‌లను పశువులకు ఆపేసే వంతు 2023లో వచ్చింది.

బెజవాడలో కుక్కపిల్లకు ఆపరేషన్ చేయించినవాళ్ల దగ్గర బిల్లు ఉంటుంది, తేడా వస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అత్త దగ్గర ఒక్క కాగితమూ లేదు.

మూడో రోజు ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు వచ్చి మందు మార్చి, చీటీ మీద తెలుగులో రాసిచ్చాడు: "వచ్చే గురువారం దాకా పాలు పొయ్యొద్దు." అత్త దాన్ని క్యాలెండర్ మేకుకు గుచ్చింది. ఆ వారమంతా పాలకేంద్రం పుస్తకంలో ఆమె పేరుకు ఎదురుగా అడ్డగీతలే.