ఇల్లు హైదరాబాద్‌లో, బేస్ ఢిల్లీలో: ఆ ప్రయాణం ఎవరి ఖాతాలో?

2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాక పైలట్ల విశ్రాంతి గురించి దేశమంతా మాట్లాడుకుంది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగిందని, రాత్రి ల్యాండింగుల పరిమితి ఆరు నుంచి రెండుకు తగ్గిందని, అందుకు సరిపడా పైలట్లను ఆ సంస్థ ముందుగా సిద్ధం చేసుకోలేదని టీవీ చూసే ప్రతి ఒక్కరికీ తెలిసింది. ఆ 48 గంటల్లో పైలట్ ఇంట్లో ఎంతసేపు ఉంటారన్నది మాత్రం పెద్దగా చర్చకు రాలేదు.

ఒక కో-పైలట్‌ని ఊహించుకుందాం. ఆమె బేస్, అంటే డ్యూటీ మొదలై ముగిసే ఊరు, ఢిల్లీ. భర్త ఉద్యోగం గచ్చిబౌలిలో, పాప స్కూలు అక్కడే, ఇంటి ఈఎంఐ కూడా అక్కడిదే. సోమవారం రాత్రి పది గంటలకు ఢిల్లీలో డ్యూటీ దిగింది. తర్వాతి రిపోర్టింగ్ గురువారం ఉదయం ఐదుకి. రోస్టర్ (డ్యూటీల పట్టిక) ప్రకారం 55 గంటల విశ్రాంతి, నిబంధన కంటే ఎక్కువే. కానీ ఆ రాత్రి ఇక హైదరాబాద్ ఫ్లైట్ దొరకదు. మంగళవారం పొద్దున్నే బయల్దేరితే శంషాబాద్‌లో దిగి ఇల్లు చేరేసరికి పదకొండవుతుంది. బుధవారం సాయంత్రం ఐదుకల్లా మళ్లీ బ్యాగ్ పట్టుకోవాలి. ఇంట్లో గడిపింది 30 గంటలు, ఒకే ఒక్క రాత్రి. మిగతా 25 గంటలు ఢిల్లీ గదిలో, ఎయిర్‌పోర్టుల్లో, సీట్లో కూర్చుని పోయాయి. అదీ స్టాఫ్ టికెట్ మీద సీటు దొరికితేనే. ఆ టికెట్ ఖాళీ ఉంటేనే పనికొస్తుంది. సంక్రాంతి ముందు, దసరా ముందు ఖాళీ ఎక్కడుంటుంది? ఇక జనవరి పొగమంచులో ఢిల్లీకి సాయంత్రం ఫ్లైట్‌ను నమ్ముకుంటే ఆ టెన్షన్‌కి నిద్రే పట్టదు.

చట్టం దృష్టిలో మాత్రం ఆమె పూర్తిగా విశ్రాంతి తీసుకుంది. డ్యూటీ గడియారం రిపోర్టింగ్ టైమ్ నుంచే కదా మొదలయ్యేది.

దీని వల్ల ఏం జరగగలదో అమెరికా 2009 ఫిబ్రవరి 12న చూసింది. బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. పైలట్ల బేస్ న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్. కెప్టెన్ ఇల్లు ఫ్లోరిడాలో. ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, ముందురోజు రాత్రి దేశానికి అటు చివరున్న సియాటిల్ నుంచి కార్గో విమానాల్లో ప్రయాణించి తెల్లారేసరికి న్యూవార్క్ చేరింది. ప్రమాదానికి ప్రధాన కారణం కెప్టెన్ తప్పుడు స్పందన అని దర్యాప్తు తేల్చినా, అలసట, ఈ దూర ప్రయాణాలు చర్చలో ముందుకొచ్చాయి. తర్వాత డ్యూటీ గంటల నిబంధనలు కఠినమయ్యాయి. ఇంటి నుంచి బేస్‌కి వచ్చే ప్రయాణాన్ని మాత్రం పైలట్ బాధ్యతకే వదిలేశారు. యూరప్ ఇంకాస్త సూటిగా చెప్పింది: ఇంటికి, బేస్‌కి మధ్య ప్రయాణం మామూలుగా 90 నిమిషాలు దాటుతుంటే దగ్గర్లో తాత్కాలిక బస చూసుకోవాలని. మంచి సలహాయే, అద్దె ఎవరు కట్టాలో చెప్పలేదు, అంతే.

అయితే ఢిల్లీకి మారిపోవచ్చుగా అంటారు. మారిన ఏడాదికే బేస్ ముంబైకో బెంగళూరుకో మార్చితే? మరి హైదరాబాద్ బేస్ ఇచ్చే కంపెనీకి మారిపోతే? ఇక్కడే అసలు చిక్కు. ఇంటికి దగ్గరని కంపెనీని ఎంచుకోవడం ఎంత ప్రమాదమో తెలుగు పైలట్లకు ఒకరు చెప్పక్కర్లేదు. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017లో ఆగిపోయింది. హైదరాబాద్ కేంద్రంగా 2015లో ఎగిరిన ట్రూజెట్ 2022లో నేలకు దిగింది. చిన్నవాటి సంగతి సరే, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ కూడా అలాగే ఆగాయి. కొత్త చోట లాగ్‌బుక్‌లోని ఎగిరిన గంటలకు విలువ ఉంటుంది కానీ పాత సీనియారిటీ సాధారణంగా వెంట రాదు. బేస్ ఎంచుకోవడానికీ, పండక్కి సెలవు దొరకడానికీ చాలాచోట్ల ఆ సీనియారిటీయే ఆధారం.

జీతం అంకె చూసి మారేవాళ్లు కూడా గ్యారంటీ గంటలు, అంటే ఎగిరినా ఎగరకపోయినా జీతం వచ్చే గంటలు, ఎన్నో చూడాలి. ఎయిర్ ఇండియాలో విలీనానికి ముందు, 2024 వసంతంలో, విస్తారా పైలట్ల గొడవ చాలావరకు దీని మీదే. నెలకు 70 గంటలకు ఉన్న గ్యారంటీని కొత్త కాంట్రాక్ట్ 40 గంటలకు తగ్గించింది.

వీటన్నిటి మీద నోటీస్ పీరియడ్. 2017 నుంచి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం కెప్టెన్ ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు నోటీస్ ఇవ్వాలి. ఒక్కసారిగా పైలట్లు మానేస్తే ప్రయాణికులు ఇబ్బంది పడతారు, కొత్తవారి శిక్షణకు నెలలు పడుతుంది అన్నది ప్రభుత్వ వాదన. అది ఉత్త మాట కాదు. 2023లో 43 మంది నోటీస్ పూర్తి చేయకుండా వెళ్లిపోవడంతో ఆకాశ ఎయిర్ విమానాలు రద్దు చేసుకుని కోర్టుకెక్కాల్సి వచ్చింది. కానీ ప్రజా ప్రయోజనం పేరిట ఒక ఉద్యోగిని ఏడాది కదలనివ్వనప్పుడు, ఆ ఏడాది ఆమె ఇంటికి ఎలా వెళ్లొస్తుందన్నది ఆమె సొంత గొడవ ఎలా అవుతుంది? రాజీనామా ప్రజలకు సంబంధించిన విషయమైతే, నిద్రలేని కో-పైలట్ కూడా అంతే.

చేయలేని పనేం కాదిది. విదేశీ కెప్టెన్లను తెచ్చుకున్నప్పుడు ఇవే ఎయిర్‌లైన్స్ కొన్ని వారాలు వరుసగా పని, ఆపై వరుసగా సెలవులు ఇచ్చే కాంట్రాక్టులు రాశాయి. హైదరాబాద్ అమ్మాయికి అలా డ్యూటీలన్నీ ఒకచోట, ఆఫ్‌లన్నీ ఒకచోట పేర్చడం అంతకంటే కష్టం కాదు. డ్యూటీకి ముందు రాత్రి వచ్చేవారికి బేస్ దగ్గర హోటల్ గది, ఖాయమైన సీటు ఇస్తే అయ్యే ఖర్చు ఒక్క విమానం రద్దయితే వచ్చే నష్టం ముందు ఏపాటి? దేశంలో పైలట్లలో సుమారు 15 శాతం మహిళలని, ప్రపంచ సగటుకు ఇది మూడు రెట్లని మనం గొప్పగా చెప్పుకుంటాం. వాళ్లు ఉద్యోగంలో నిలబడాలంటే ఇలాంటివే కావాలి.

పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు నియోజకవర్గం శ్రీకాకుళం, పని ఢిల్లీలో. ఈ బాధ ఆయనకు విడమర్చి చెప్పాల్సిన పని లేదనుకుంటాను.

మన కో-పైలట్ విషయానికొస్తే, ఆమె తేల్చుకోవాల్సింది కమాండ్ అప్‌గ్రేడ్, అంటే కెప్టెన్‌గా ప్రమోషన్, రాకముందే. ఇప్పుడు మానేస్తే క్యూలో తన స్థానం పోతుంది. అప్‌గ్రేడ్ తీసుకుంటే జీతం పెరుగుతుంది, నోటీస్ ఆరు నెలల నుంచి ఏడాది అవుతుంది. నా మటుకు నేను అడిగితే, కమాండ్ వదులుకోవద్దనే అంటాను. కెప్టెన్‌గా గంటలు ఉంటే ఇక్కడైనా గల్ఫ్‌లోనైనా బేరం ఆడొచ్చు. సంతకానికి ముందు మాత్రం హైదరాబాద్ బేస్ ఎప్పటికి వస్తుందో రాతపూర్వకంగా అడగాలి. రాసివ్వలేమంటే, ఆ ఏడాది నోటీస్‌ను కూడా లెక్కలో వేసుకునే సంతకం పెట్టాలి.