పాట మోగింది, పద్యం వినపడలేదు

పోయిన కార్తీకంలో నెల్లూరు దగ్గరి మైపాడు సముద్రతీరాన, సరుగుడు తోటలో, విదేశాల్లో ఉంటున్న మన సంఘం సభ్యుల అమ్మానాన్నలకు పెట్టిన వనభోజనం ఫొటోలు అందరూ చూసే ఉంటారు. ఉసిరి కొమ్మకు పూజ, పులిహోర, మలై కాజా, దేనికీ లోటు లేదు. ఫొటోల్లో కనిపించనిది ఒకటుంది. మూడు గంటలప్పుడు రిటైరైన తెలుగు మేడమ్ ఒకరు లేచి పద్యం అందుకున్నారు. అమెరికా నుంచి మోసుకొచ్చిన ఖరీదైన స్పీకరు అప్పటికే మూగబోయింది. బాగున్నా లాభం లేదు, దానికి మైకు తగిలించే చోటే లేదు. అలల హోరులో రెండో వరస దాటి ఒక్క ముక్క పోలేదు. "ఏం చెప్తుండారో ఇనపళ్ళా అబ్బయ్యా" అని వెనకనుంచి ఒక పెద్దాయన చెవికి చెయ్యి ఆనించి అడుగుతూనే ఉన్నారు. మేడమ్ మూడో పాదం దగ్గర ఆపేసి కూర్చున్నారు.

ఆ స్పీకరు ఎందుకు పోయిందో తెలుసుకోవాలి. పెట్టె మీద ఐపీ67 అని ఉంది. అందులో 6 అంటే దుమ్ము లోపలికి చొరబడదని, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని. అయితే ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో. మన పిల్లలు దాన్ని సముద్రంలో ముంచి తీసి, ఛార్జింగ్ రంధ్రంలో తడి ఆరకముందే పవర్ బ్యాంకు గుచ్చారు. ఉప్పునీళ్లున్న చోట కరెంటు పారితే లోపలి పిన్నులు నిమిషాల్లో పచ్చబడి తినేసుకుపోతాయి. సముద్రంలో తడిస్తే, రంధ్రానికి రబ్బరు మూత ఉన్న రకమైతే దాన్ని బిగించే ఉంచి మంచినీళ్లతో కడగాలి. తర్వాత మూత తీసి, రంధ్రం కిందికి ఉండేలా నీడలో పెట్టి, కనీసం ఒక రాత్రి ఆరనివ్వాలి. మూత ఉన్నవాటిలో అది సరిగా మూసుకోకపోతే ఐపీ నంబరు ఎంతున్నా వృథా.

ఐపీఎక్స్7 అని ఉంటే, ఎక్స్ ఉన్నచోట దుమ్ము పరీక్ష లెక్క చెప్పలేదని అర్థం. ఇసుకలోకి తీసుకెళ్లేదానికి 67 ఉండాల్సిందే. నెల్లూరులో కార్తీకమంటే ఈశాన్య రుతుపవనాల కాలం, ఎండలో కూర్చున్న వాళ్ల మీద పది నిమిషాల్లో వాన పడుతుంది. ఐపీఎక్స్4 చిలకరింపును మాత్రమే తట్టుకుంటుంది.

ఇక శబ్దం. వాట్లు ఎక్కువుంటే చాలనుకుంటాం. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క), చెవికి కొంచెమే తేడా. బయట ఖాళీలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 90 ఉన్నది 8 మీటర్ల దగ్గర 72కి పడిపోతుంది. గోడా కప్పూ లేని చోట బేస్ కూడా నిలవదు. అందుకే ముందు వరస చెవులు పగిలేలా ఒక పెద్ద డబ్బా పెట్టేకంటే, మధ్యరకం స్పీకర్లు రెండు తీసుకుని జనానికి చెరోవైపు, కూర్చున్నవాళ్ల చెవుల ఎత్తులో, స్టూళ్ల మీద పెట్టండి. ఇసుక మీద మాత్రం పెట్టొద్దు. రెండూ ఒకే మోడలు కొనండి. రెండు స్పీకర్లను వైరు లేకుండా జతచేసే పద్ధతి రెండింటిలోనూ ఒకటే ఉండాలి. జేబీఎల్ కంపెనీలోనే పార్టీబూస్ట్ పద్ధతి ఉన్న పాతవి, ఆరాకాస్ట్ పద్ధతి ఉన్న కొత్తవి ఒకదానితో ఒకటి కలవవు.

బ్యాటరీ 20 గంటలని రాసేది మధ్యస్థంగా మోగించినప్పటి లెక్క. పూర్తిగా పెంచితే అందులో మూడో వంతు వస్తుందనుకుని సిద్ధపడండి. వేసవిలో ఎండకు కాగిన స్పీకరును వెంటనే ఛార్జింగ్‌కు పెట్టకండి. లిథియం బ్యాటరీలకు 45 డిగ్రీలు దాటాక ఛార్జింగ్ మంచిది కాదు.

విమానంలో తెచ్చేవాళ్లు బ్యాటరీ ఎన్ని వాట్-గంటలో చూసుకోండి. బ్యాటరీ మీద ఉన్న వోల్టులను ఎంఏహెచ్‌తో గుణించి వెయ్యితో భాగించాలి: 3.6 వోల్టులు, 7500 ఎంఏహెచ్ అంటే 27. వందలోపు ఉంటే విమాన సంస్థ అనుమతి అక్కర్లేదు, చేతి సంచిలో పెట్టుకోవచ్చు. గోడకు గుచ్చే రకమైతే అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉండాలి. 120 మాత్రమే ఉన్నది మన 230కి కాలిపోతుంది. పెద్దది కావాలంటే నెల్లూరు ట్రంకు రోడ్డులో కొనడమే మేలు, రిపేరొస్తే తీసుకెళ్లడానికి దగ్గర.

మైకు సంగతి మాత్రం మళ్లీ చెప్పాలి. ఫోన్‌ను మైకుగా వాడి బ్లూటూత్‌లో పంపితే మాట ఆలస్యంగా తిరిగొస్తుంది, మాట్లాడేవాళ్లు తమ గొంతు తామే వింటూ తడబడతారు. పెద్ద పిన్ను మైకు రంధ్రమున్న ట్రాలీ స్పీకరు ఒకటి విడిగా ఉండాలి. వీటిలో చాలావి వానను తట్టుకోలేవు కాబట్టి పట్ట కింద పెట్టండి. మైకు ఎప్పుడూ స్పీకరుకు వెనకవైపే ఉండాలి, ముందుకొస్తే కూత పెడుతుంది. మాటలప్పుడు బేస్ తగ్గించి పైస్వరాలు పెంచండి. అలల హోరు ముందు మింగేసేది హల్లులనే.

పిల్లలకు డాన్సు కావాలి, వాళ్లు ఏడాదికోసారి ఇండియా వస్తారు, అదీ న్యాయమే. కానీ ఆ రోజంతా ఎవరికోసం పెట్టుకున్నాం? మనం దూరాన ఉంటే ఇక్కడ ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల కోసం. వచ్చే కార్తీకానికి కమిటీ సామాను చీటీ రాసేటప్పుడు మొదటి వరసలో వైరు మైకు, 5 మీటర్ల తీగ, ఒక స్టాండు రాయండి. పాటల స్పీకర్లు వాటి కింద రాయండి. ఆ మేడమ్‌ను మళ్లీ పిలవండి. ఆ పద్యం మొదటి పాదం నుంచి చదవమని అడగండి.