తోపు ఏ లెక్కలో ఉంది?

విశాఖ దగ్గర ఆనందపురం దాటి పద్మనాభం వైపు వెళ్తుంటే రోడ్డుకు అటూఇటూ లేఔట్ల హద్దురాళ్లు, రంగుల జెండాలు. వాటి మధ్య అక్కడక్కడా ఇంకా ఓ తోపు కనబడుతుంది. నాలుగు నేరేడు చెట్లు, కొన్ని తాటిచెట్లు, ఈతపొదలు, ఓ ముసలి చింత. ఆ చింత మొదట్లో పసుపు రాసిన రాయి. ఎండ ముదిరితే చుట్టుపక్కల ఊళ్ల మేకలన్నీ చేరేది అక్కడికే. వేసవిలో ముంజలు, తొలకరికి నేరేడుపళ్లు, వానలు పట్టాక పుట్టగొడుగులు. రోడ్డు పక్కన గంపతో కూర్చున్న ముసలమ్మ దగ్గర నేరేడుపళ్లు బేరమాడే మనం, ఆ చెట్టు ఎక్కడుందని ఎప్పుడైనా అడిగామా?

విశాఖ పక్కనే ఉన్న కంబాలకొండకు, ఎవరో వచ్చి చదును చేసేస్తారన్న టెన్షన్ లేదు. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది, గేటుంది, గార్డున్నాడు. తోపుకున్నది రికార్డులో ఒక్క ముక్క: బంజరో, గయాలో, పోరంబోకో. ఎవరిదీ కాదన్నట్టు వినిపించే ఆ మాటే దాని కొంప ముంచుతోంది. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. రాత్రికి రాత్రి దిగే జేసీబీకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? తోపు చదునయ్యాక తొలి వానకే మట్టి గెడ్డలోకి, అంటే వాగులోకి జారుతుంది.

యాజమాన్యం ఎవరిదైనా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవేనని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12నే అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో చెప్పింది. అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణతో ఆ పరిధి కుదించుకుపోతుందన్న భయం వచ్చినప్పుడు, 2024 ఫిబ్రవరి 19న మధ్యంతర ఉత్తర్వులో మళ్లీ ఆ అర్థాన్నే పాటించమంది. అలాంటి భూముల వివరాలు ఇవ్వమని రాష్ట్రాలకు ఆ ఏడాది మార్చి 31 గడువు కూడా పెట్టింది.

రైతు తన పట్టాలో వేసుకున్న జీడితోట సంగతి వేరు, దాని జోలికి ఎవరూ పోనక్కర్లేదు. మేం అడిగేది ఊరుమ్మడి తోపుల గురించే. ఎకరాలు చాలలేదని వాటిని ఆ అటవీ భూముల జాబితాలోంచి తీసేయొద్దు. ఆ జాబితాను తెలుగులో, సర్వే నంబర్లతో సహా గ్రామసభలో చదవాలి. ఆ రోజు మేకలు కాసేవాళ్లనూ పిలవండి. వాళ్లకు సర్వే నంబరు తెలియకపోవచ్చు గానీ, తోపు ఎక్కడిదాకా ఉండేదో, నిరుడు ఏ వైపు తరిగిందో అడుగులేసి మరీ చూపిస్తారు.