ఉన్న ఉకులేలే చాలదా?

ఉకులేలే అంటే బుల్లి గిటార్ లాంటిది, ఉన్నవే నాలుగు తీగలు. వాటికోసం గోడ నిండా ఉకులేలేలా? చిన్న సైజు సొప్రానో కొన్నాక కాస్త పెద్ద కాన్సర్ట్ కావాలట, అది రాగానే ఇంకా పెద్ద టెనర్ మీద కన్ను. మూడింటికీ మామూలు శ్రుతి ఒకటే కదా, జి-సి-ఇ-ఎ! వాటికన్నా పెద్ద బారిటోన్ అంటే సరే, దాని శ్రుతే వేరు. కానీ లో-జి (జి తీగను కింది స్థాయిలో పలికించే శ్రుతి) కోసం ఇంకోటేంటి? ఒక్క తీగ మారిస్తే పోయేదానికి! మహోగని ఉన్నా, కోవా చెక్కది లేదని బెంగ. చెక్క మారితే వేళ్లు వాటంతటవే కదులుతాయా? ఇ మేజర్ కార్డ్ (ఒకేసారి మీటే స్వరాల జట్టు) పట్టమంటే ఇప్పటికీ తడబాటే. పాతదాని తీగలు ఫ్రెట్ల (మెడ మీది అడ్డపట్టీల) దగ్గర నొక్కులు పడి అపశ్రుతి పలుకుతున్నా, మార్చే తీరిక ఉండదు. కొత్తవి వెతకడానికి మాత్రం అర్ధరాత్రి దాకా తీరికే! పైగా ఫోన్ తీస్తే చాలు, "మీ కోసమే" అంటూ మరోటి ప్రత్యక్షం. ఎవరడిగారండీ?