మహారాజశ్రీ ఏకగ్రీవ తీర్మానం గారికి

మునిసిపల్ కౌన్సిల్ సర్వసభ్య సమావేశమందు నివసించు మహారాజశ్రీ ఏకగ్రీవ తీర్మానం గారి సముఖమునకు, అదే పట్టణపు బస్తీవాసి ఒకడు నమస్కరించి వ్రాయు విన్నపం.

ఉభయకుశలోపరి అనడం లేఖా మర్యాద కనుక అంటున్నాను. మీ కుశలం ప్రతి నెలా మినిట్స్ పుస్తకంలో కనిపిస్తూనే ఉంది. మా కుశలం తెలియాలంటే మా వీధి మురుగు కాలువను అడగాలి. దానిని ఇంకా తవ్వలేదు గనుక ఆ సంగతి ప్రస్తుతానికి పక్కన పెడతాను.

కొన్నేళ్లుగా సమావేశ మందిరంలో వెనుక వరుసన కూర్చుని మీ జననాన్ని చూస్తున్నాను. చైర్‌పర్సన్ గారు ఒక పేరు చదువుతారు, ఒకరు ప్రతిపాదిస్తారు, మరొకరు బలపరుస్తారు, అందరూ బల్లలు చరుస్తారు, మీరు పుట్టేస్తారు. కన్నుమూసిన ప్రముఖునికి సంతాపం, పతకం గెలిచిన క్రీడాకారిణికి అభినందన, బదిలీపై వెళుతున్న అధికారికి సన్మానం, ఆయన స్థానంలో వస్తున్న అధికారికి మళ్లీ సన్మానం, కూడలికి నామకరణం, ఆ కూడలి నడుమ విగ్రహం. వీటిలో దేనికీ ఎస్టిమేటు ఏదని అడిగినవారు లేరు, నిధులెక్కడివని నిలదీసినవారు లేరు, అసమ్మతి పత్రం ఇచ్చినవారు అసలే లేరు. మీ బంధువర్గంలో నాకు మిక్కిలి ఇష్టమైనది సంతాప తీర్మానం. ఐదేళ్ల పదవీకాలంలో సభ్యులందరూ ఒకేసారి మౌనంగా ఉండేది ఆ రెండు నిమిషాలే.

మీరు ప్రమాదంలో పడగా నేను చూసింది ఒక్కసారే. బస్టాండు ఎదుటి కూడలికి తమ మహనీయుని పేరు పెట్టాలని ఒక సామాజిక వర్గం వినతిపత్రం ఇచ్చింది. అదే కూడలికి తమ మహనీయుని పేరు పెట్టాలని మరో వర్గం అంతకు వారం ముందే ఇచ్చి ఉంది. ఆనాటి చర్చ గంటంపావు సాగింది. పోడియం చుట్టూ నిలబడినవారిలో అంతకుముందు ఏ సమావేశంలోనూ నోరు విప్పగా నేను వినని ఇద్దరు సభ్యులు కూడా ఉన్నారు. గుర్తింపు, ఆత్మగౌరవం, చరిత్ర, జనాభా, గత ఎన్నికల మెజారిటీ అన్నీ ప్రస్తావనకు వచ్చాయి. చివరకు కూడలి ఒకరికి, కూడలికి వెళ్లే రోడ్డు మరొకరికి, ఆ రోడ్డు మీద కట్టబోయే బస్సు షెల్టరు అప్పుడే చేయెత్తిన మూడో వర్గానికి దక్కి, మీరు క్షేమంగా బయటపడ్డారు. షెల్టరు ఇంకా కట్టలేదు గానీ పేరు పలక మాత్రం నిలబెట్టారు. బస్సు కోసం ఎదురుచూసేవారు ఆ పలక నీడలో వంతులవారీగా నిలుచుంటున్నారు.

మిగిలిన పదిహేను నిమిషాల్లో 5వ అంశం నుంచి 38వ అంశం వరకు గుమాస్తా గారు నెంబర్లు చదువుతూ పోయారు, సభ ‘ఆమోదించడమైనది’ అంటూ పోయింది. అందులో 31వది మాది, మా వీధి కాలువ సంగతి. దాని దగ్గర మాత్రం ఎవరో దగ్గారు. ‘నిధుల లభ్యతను బట్టి పరిశీలించుటకు వాయిదా వేయడమైనది’ అని రాసుకున్నారు. (అప్పటికప్పుడు బల్ల మీద వాలే టేబుల్ ఎజెండాకు వేరే ఉత్తరం రాయవలసి ఉంది. ఆయన మీకు స్వయానా తమ్ముడని అంటారు, పోలికలు లేకపోలేదు.)

నన్ను అపార్థం చేసుకోకండి. గుర్తింపును చులకన చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. తరతరాలుగా ఊరి చివర ఉంచబడి, చేసే పని పేరుతోనో పుట్టిన కులం పేరుతోనో తప్ప పిలవబడని మనుషులకు, తమవాడి పేరు ఊరి నడిబొడ్డున అందరూ చదివేలా ఉండటం చిన్న విషయం కాదు. అడగడంలో వారి తప్పేమీ లేదు. ఇవ్వడంలో మీరు చూపే ఉత్సాహం మీదే నా అనుమానం. వారు పేరునూ నీటినీ ఒకే కాగితం మీద అడిగినప్పుడు, పేరును ఉంచుకుని నీటిని చింపి మరో ఫైలులో పెట్టే నేర్పు మీది.

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలును చేర్చి, పురపాలక సంఘాలకు తగిన పనులుగా 18 అంశాలను అందులో రాసింది. మంచినీరు 5వది, పారిశుద్ధ్యం 6వది, మురికివాడల అభివృద్ధి 10వది, వీధి దీపాలూ బస్టాపులూ 17వది. పశువుల దొడ్లకు కూడా 15వ స్థానం దొరికింది. సన్మానం కోసం రెండుసార్లు వెతికాను, కనబడలేదు. సాంస్కృతిక, సౌందర్య విషయాలు చెప్పే 13వ అంశం చాటున దాక్కుని ఉంటే ఉండవచ్చు. పాపం, మీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఈ పనులను అప్పగించి తీరాలని రాజ్యాంగం అనలేదు. రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా అప్పగించవచ్చు అని మాత్రమే 243-డబ్ల్యు అధికరణం అంది. ఆ ‘వచ్చు’ అనే రెండక్షరాల నీడన మూడు దశాబ్దాలుగా ఎందరు చల్లగా కాపురం చేస్తున్నారో లెక్కలేదు. అధికారం లేదని కౌన్సిల్ అంటుంది, ఇచ్చామని రాష్ట్రం అంటుంది, నిధులు రాలేదని ఇద్దరూ అంటారు. పేరు పెట్టే అధికారం మీద మాత్రం ఇంతవరకూ ఎవరికీ సందేహం రాలేదు.

అయితే అసలు గుర్తింపు అనేది మరొకటి ఉంది. దాని జోలికి మీరు ఎందుకు వెళ్లరో అడగడానికే ఇంత ఉపోద్ఘాతం. 2011 జనాభా లెక్కలు మురికివాడలను మూడు తరగతులు చేశాయి. చట్టం ప్రకారం నోటిఫై చేసినవి మొదటి తరగతి; నోటిఫై చేయకపోయినా ప్రభుత్వమో స్థానిక సంస్థో గుర్తింపు ఇచ్చినవి రెండో తరగతి; ఈ రెండూ కాక, కనీసం 300 మంది లేదా 60, 70 కుటుంబాలు ఇరుకిళ్లలో, సరైన నీరూ పారిశుద్ధ్యమూ లేకుండా బతుకుతున్నారని లెక్కల సిబ్బంది స్వయంగా చూసి రాసుకున్నవి మూడో తరగతి. రెండో తరగతిని గుర్తింపు పొందినవి అంటే, మూడో తరగతిని గుర్తు పట్టినవి అనాలి. మొత్తం ఆరున్నర కోట్ల మందిలో ఈ గుర్తు పట్టిన తరగతివారే అందరికంటే ఎక్కువ, సుమారు 2.28 కోట్లు. మా బస్తీ ఈ తరగతిదే. లెక్కలకు వచ్చిన ఉపాధ్యాయుడు మమ్మల్ని గుర్తు పట్టాడు. కౌన్సిల్ మాత్రం దారిలో ఎదురైన అప్పులవాణ్ణి చూసినట్టు తల తిప్పుకుంటుంది.

తిప్పుకోవడంలో అర్థముంది. కూడలికి పేరు పెడితే పలక ఖర్చుతో పోతుంది. మా బస్తీని జాబితాలోకి ఎక్కిస్తే రేపు ఆ పేరు మీద కుళాయి అడుగుతాం, కాలువ అడుగుతాం, ఇళ్లు తొలగించడానికి వస్తే జాబితా చూపించి నిలబెట్టి అడుగుతాం. బాధ్యతలేని గుర్తింపు ఎన్ని సమావేశాల్లోనైనా ఏకగ్రీవమే. బాధ్యత తోక పట్టుకుని వచ్చే గుర్తింపుకు కోరం కూడా ఉండదు.

నిధులు లేవన్న మాట కోర్టుల దాకా వెళ్లి వచ్చిన మాటే. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో బహిరంగ మురుగు కంపు భరించలేక ఒక వీధివాసులు మేజిస్ట్రేటును ఆశ్రయిస్తే, కాలువలు కట్టాలని ఆయన ఆదేశించాడు. డబ్బు లేదంటూ మునిసిపాలిటీ సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం, ప్రజారోగ్యం విషయంలో చట్టబద్ధమైన బాధ్యతను తప్పించుకోవడానికి నిధుల కొరత సాకు కాదని తేల్చింది. ఈ తీర్పు ప్రతిని మా 31వ అంశానికి జతచేసి ఇచ్చాను. ‘చూడడమైనది’ అని ముద్ర వేసి వెనక్కి ఇచ్చారు.

పోయిన నెల మీరు పారిశుద్ధ్య కార్మికులకు శాలువాలు కప్పారు. ఫొటోలు బాగా వచ్చాయి. కప్పించుకున్నవారిలో ఒకరికి చేతి తొడుగులు లేవు. శాలువా అందుకోవడానికి తొడుగులు అక్కర్లేదు కాబట్టి కార్యక్రమానికి అంతరాయం కలగలేదు. మురుగు గుంతలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ సామగ్రి లేకుండా మనుషులను దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా చావులు ఆగకపోవడంతో, మృతుల కుటుంబాలకు ఇవ్వవలసిన పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. ఆ కార్మికులు సమావేశానికి వచ్చింది జీతాల బకాయి గురించి వినతిపత్రం ఇవ్వడానికని తర్వాత తెలిసింది. వారిని వేదిక మీదికి పిలవగానే కాగితం ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నారట, దాని మీదుగా శాలువా పడింది.

కనుక విన్నపమేమంటే, రాబోయే సమావేశంలో మా బస్తీని రెండో తరగతికైనా పెంచుతూ మీరు ఒకసారి పుట్టండి. బస్తీకి ఎవరి పేరు పెట్టినా మాకు సమ్మతమే. మూడు వర్గాలకూ మూడు వీధులిస్తాం, ఎవరూ అడగకపోతే చైర్‌పర్సన్ గారి పేరే పెడతాం. కాలువ మాత్రం పలకకు ముందు రావాలి.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ దస్తావేజుల్లో లేని,
31వ అంశం తాలూకు మనిషి

తా.క.: ఈ ఉత్తరం కవరులో పెడుతుండగా ఒక కబురు అందింది. మా ప్రాంత ప్రజలు ఇన్నేళ్లుగా చూపుతున్న సహనాన్ని అభినందిస్తూ రేపటి టేబుల్ ఎజెండాలో ఒక తీర్మానం వస్తున్నదట. మీరే కాబట్టి ఏకగ్రీవం అవుతారు, సందేహం లేదు. సన్మాన సభ మాత్రం దయచేసి మా వీధిలో పెట్టవద్దు. వాన పడితే వేదిక వేయడానికి పొడి నేల ఉండదు.