అరువు పద్దులో ఏ దసరా?

పర్లాకిమిడిలో మా బావగారికి చిన్న గ్రిల్ షెడ్డు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేస్తారు. ఆ మధ్య ఆయన అరువు పుస్తకం తిరగేస్తూ ఒక పద్దు దగ్గర ఆగిపోయాను. ‘పాతపట్నం గేటాయన - 14,200 - దసరాకి.’ ఏ దసరా బావా అంటే కాసేపు ఆలోచించి, ‘కరోనా తగ్గాక మొదటిదేమో’ అన్నారు. పేరు లేదు, సంవత్సరం లేదు, సంతకం లేదు. గేటాయన మాత్రం దారిలో ఎదురైతే ‘వచ్చే లక్ష్మివారం తప్పకుండా’ అని ఇప్పటికీ చెయ్యూపుతారు.

1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లినా బేరాలూ చుట్టరికాలూ గీతకు రెండు వైపులా ఉండిపోయాయి. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైలు ఆంధ్రలోని పాతపట్నం దాటగానే పర్లాకిమిడి వచ్చేస్తుంది. అంత దగ్గర. అయినా వసూలు మాట వచ్చేసరికి ఇక్కడి వ్యాపారులందరిదీ ఒకటే పాట: ‘అవతల రాష్ట్రం బాకీ, నీళ్లొదులుకోవడమే.’

నేను ఒప్పుకోను. చట్టం నిజానికి అమ్మినవాడి ఊళ్లోనే నిలబడుతుంది. బాకీ కింద ఇచ్చిన చెక్కును మన ఖాతాలో వేస్తే బౌన్స్ అయిందనుకోండి. 2015 సవరణ తర్వాత ఆ కేసు మన బ్యాంకు బ్రాంచి పరిధిలోని కోర్టుకే వస్తుంది. బౌన్స్ సంగతి తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అది అందాక 15 రోజులు ఆగాలి, అప్పటికీ కట్టకపోతే నెల లోపు కేసు వేయాలి. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టమూ అంతే. కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా, ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేయించుకునేది) ఉన్న చిన్న ఉత్పత్తిదారు ఇలాంటి బాకీ తగాదాలు తేల్చే తన ప్రాంతపు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే ఫిర్యాదు చేయొచ్చు. రాతపూర్వక గడువు లేకపోతే సరుకు ముట్టిన 15 రోజుల్లో, గడువు రాసుకున్నా 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. తీర్పు 90 రోజుల్లో రావాలని చట్టంలో ఉంది కానీ, ఆ లెక్క కాగితం మీదే అనుకోండి.

ఇక్కడొక మెలిక. ఈ రక్షణ తయారుచేసేవాళ్లకు, సేవలందించేవాళ్లకు మాత్రమే. పక్కనే సిమెంటు, పైపులు అమ్మే హార్డ్‌వేర్ కొట్టాయనకు రాదు. 2021లో వ్యాపారులకూ ఉద్యమ్ నమోదు ఇచ్చారు కానీ, అది బ్యాంకుల ప్రాధాన్య రుణాల వరకే. ఒకే వీధి, ఒకే కాంట్రాక్టరు ఇద్దరికీ బాకీ. ఒకరికి చట్టం ఉంది, ఇంకొకరికి సివిల్ కోర్టే దిక్కు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

అయితే బావగారికి చట్టం ఉండీ ఎందుకు పనికిరాలేదు? బిల్లు లేదు కనుక. అసలు రోగం ఇక్కడే ఉంది. జీఎస్టీలో కాంపొజిషన్ పద్ధతిలో, అంటే అమ్మకాల మీద కొద్ది శాతం పన్నుతో సరిపెట్టే పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారి సరుకును రాష్ట్రం దాటించి అమ్మకూడదు. అసలు నమోదే లేనివాడు అలా అమ్మాలంటే, టర్నోవరు ఎంత తక్కువైనా, మామూలుగా నమోదు తప్పనిసరి. గేటు వెళ్లాల్సింది నాలుగు అడుగుల దూరమే అయినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే. అందుకని ‘బిల్లెందుకు బావా, మనలో మనకి’ అంటారు కొనేవారు, అమ్మేవారికీ అదే సుఖం. ఆ సుఖమే తర్వాత ఉరితాడు. బిల్లు లేని గేటుకు ఏ కౌన్సిల్‌లోనూ గేటు తెరుచుకోదు.

బిల్లు రాసేవాళ్లకు ఇంకో రకం టెన్షన్. 50,000 రూపాయల పని చేస్తే 18 శాతం చొప్పున 9,000 పన్ను. నెలనెలా రిటర్ను వేసేవాళ్లయితే వచ్చే నెల 20వ తేదీకి అది కట్టేయాలి, కొన్నవాడు కట్టినా కట్టకపోయినా. కాంట్రాక్టరు మాత్రం ‘నా బిల్లు పాసవ్వలేదు’ అని తిప్పుతూనే ఉంటాడు. అతని బిల్లు పాసవ్వడానికీ మన గడువుకీ చట్టంలో ఏ సంబంధమూ లేదు. పైగా 2024 ఏప్రిల్ నుంచి, గడువు దాటిపోయి మార్చి ఆఖరుకీ చెల్లించని చిన్న ఉత్పత్తిదారు డబ్బును అతను ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోలేడు. మార్చి నెలలో ఈ ఒక్క ముక్క గుర్తుచేస్తే చాలామంది దారికొస్తారు.

రైతులతో అలా కుదరదు, కూడదు కూడా. గుణుపురం వైపు పత్తి డబ్బు, ఇటు ధాన్యం డబ్బు చేతికొచ్చేదాకా ఆగాల్సిందే. ఆ రోజు ముందుగా ఎరువుల కొట్టాయన వెళ్తాడు, తర్వాత ట్రాక్టరాయన. మొహమాటస్తుడికి మిగిలేది ‘వచ్చే లక్ష్మివారమే’.

ఇప్పుడు బావగారు సగం అడ్వాన్సు చేతిలో పడందే ఇనుము కోయడం లేదు. కొందరు అలిగి వెళ్లిపోయారు, వాళ్లలో సగం మంది తిరిగొచ్చారట. పాత పద్దు మాత్రం అలాగే ఉంది. సరుకు బాకీకి కాలపరిమితి మూడేళ్లు, అది దాటిపోయినట్టే. అయినా బాకీదారు ‘కడతాను’ అని కొత్తగా రాసి సంతకం పెడితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ మాట చెల్లుతుంది. ఈ సంగతి చెప్పి, తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసిచ్చాను. ఈసారి తేదీ కూడా వేశాను.

బావగారు చదువుకుని, మడిచి, నా చేతికే తిరిగిచ్చారు. ‘నువ్వే పట్టుకెళ్లి అడుగు. నాకు మొహమాటం.’